దయచేసి

ఫారో దీవుల్లో, క్లాక్స్‌విక్ రేవు పక్కన
చిరిగిన వలలు బాగుచేసే కొట్టు మాది.
వలలు వాళ్లవి, లెక్కలు నావి.

మంగళవారం, కిటికీ అద్దం మీద ఉప్పు పేరుకుంటుండగా
హైనీ పేరుతో మెయిల్:
"ప్రియమైన సున్వా, మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయకు.
ఈ కొత్త ఖాతాకి డబ్బు పంపు.
గంటలోపు. దయచేసి."

దయచేసి!
పదకొండేళ్లలో హైనీ నోట ఆ మాట విన్నది ఒక్కసారే,
వాళ్లమ్మ శవపేటికకి ఇంకో భుజం తక్కువైనప్పుడు.

అయినా నా వేలు అప్పటికే మౌస్ మీదుంది.
తొందర అంతే,
బుర్రని అడక్కుండా చేతిని పట్టుకు లాక్కుపోతుంది.

ఆగాను.
వలలో ముడి ముడీ తడిమినట్టు
పంపినవాడి చిరునామా అక్షరమక్షరం తడిమాను.
ఎమ్ ఉండాల్సిన చోట
ఆర్, ఎన్ ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి,
ఒకే కోటులో దూరిన ఇద్దరు దొంగల్లా.

జవాబివ్వలేదు. మెట్లు దిగి వెళ్లి అడిగాను.
పళ్ల మధ్య సూది తీయకుండానే హైనీ
"నేనా? ప్రియమైన అనా?" అన్నాడు.

అందరూ నవ్వారు, ట్రోందుర్ తప్ప.
వాడి చెవులు ఎర్రబడ్డాయి.
"నిన్న నాకొకటి వచ్చింది. నొక్కాను.
పాస్‌వర్డ్ కూడా కొట్టాను.
రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పలేకపోయాను."

నా పేరు వాళ్లకెలా తెలిసిందో అప్పుడర్థమైంది.

తిట్లకోసం తల వంచుకున్నాడు పిల్లాడు.
హైనీ సూది పక్కన పెట్టి, కుర్చీ లాగి,
"బ్యాంకుకి నేను ఫోన్ చేస్తా. పాస్‌వర్డ్ నువ్వు మార్చు, ఇప్పుడే.
ఈసారి రాత్రంతా ఆగకు" అని,
నేల చూస్తూ, గొంతు సవరించుకుని,
"దయచేసి" అన్నాడు.