ఎనిమిది కిలోల మూట

స్వాన్‌సీలో వాన ఆగదు, అలవాటవుతుంది.
అప్‌లాండ్స్ సందు చివర మెర్విన్ లాండ్రీలో
మూడుసార్లు తిరిగొచ్చిన నా వ్యాసం ఒళ్ళో పెట్టుకుని
డ్రయ్యర్ ఎదుట బెంచీ మీద కూర్చున్నాను.

గోడ మీద పిన్నులకి ఒంటరివన్నీ వేలాడుతున్నాయి:
పసిపిల్ల మేజోడు, ఆకుపచ్చ గ్లవ్, ఎడమది,
ఇంకో ఎడమది, ఇంకో ఎడమది.
"కుడివి ఎవరూ పారేసుకోరేమిటో" అన్నాడు మెర్విన్.
పారేసుకుందామన్నా కుదరనివి ఉన్నాయన్నాను.

క్వార్కు.
ఒంటరిగా దాన్ని ఎవరూ చూళ్ళేదు.
జతలో ఒకదాన్ని పట్టుకు లాగు,
దూరం పెరుగుతుంది, పట్టు సడలదు.
తెగేదాకా లాగొద్దంటారు మావాళ్ళు.
ఇక్కడ తెగినా ఒంటరి మిగలదు:
తెగిన చోటే, నువ్వు లాగిన శ్రమనే పెట్టుబడిగా తిని
రెండు కొత్త కొసలు పుట్టి
చెరోదాన్నీ అల్లుకుంటాయి.
నీ చేతిలో మళ్ళీ జంటే.

"అంత సులువా" అని
ఉంగరం లేని వేలి మీద తెల్లగీత చూసుకున్నాడు.
నేను వ్యాసంలోకి తల దించుకున్నాను.

అద్దం వెనక గ్లవ్స్ గిరగిరా.
ఆ వేడిలో ఏది ఎడమో, ఏది కుడో.
మొదట్లో లోకమూ ఇంతేనని మా లెక్క:
ఎడమవాటం, కుడివాటం
ఒకదాని ఊసు ఒకదానికి లేకుండా
తేలిగ్గా తిరిగేవి.
తర్వాత చల్లారింది.
కాగిన పాల మీద మీగడ కట్టినట్టు
ఏమీ లేదనుకున్న శూన్యం నిండా ఏదో పేరుకుంది.
ఎడమగా బయల్దేరింది దానికి తగిలి కుడిగా తేలుతుంది,
కుడిగా పోయింది ఎడమై తిరిగొస్తుంది.
ఆ తడబాటునే మనం బరువంటున్నాం.

మెర్విన్ జల్లెడ లాగి బూడిదరంగు నూగు ఊదాడు.
పయాన్, అన్నాను.
విరిగిన పొందిక వదిలెళ్ళిన అతి తేలిక జాడ.
తుమ్మాడు.

కాటా మీద మూట: ఎనిమిది కిలోలు.
"ఇందులో సరుకు ఎనభై గ్రాములే,
మిగతాదంతా లోపలి పెనుగులాట."
"పెనుగులాటకీ కలిపే తీసుకుంటాను" అన్నాడు.

నాణేలతో ఎడమ చెయ్యి ముందు లేచింది.
పురచేత్తో ఇవ్వకూడదని చిన్నప్పుడు తిన్న దెబ్బ
సగం దారిలో దాన్ని ఆపింది.
కుడి చేతికి మార్చి ఇచ్చాను.
ఈ మారడం మెర్విన్ చూశాడు, ఏమీ అడగలేదు.

బయట వాన.
కొండ మీద గదిలో కంప్యూటర్
ఇంకా ఆ లెక్కే చేస్తోంది.
మూట ఈ చేతిలోంచి ఆ చేతికి,
ఆ చేతిలోంచి ఈ చేతికి.