మూడు కొత్తవి, ఒకటి పాతది

కీత్లీలో జనవరి. తెల్లవారుజాము అయిదూ నలభై.
అద్దం మీది మంచు గీకడానికి
గడువు తీరిన లైబ్రరీ కార్డు.
తాళం సగం తిప్పి ఆగాలి.
డాష్‌బోర్డు మీద నారింజరంగు చుట్ట వెలుగుతుంది,
అప్పుడే పాకంలోంచి తీసిన జిలేబీలా.
అది ఆరాక పూర్తిగా తిప్పాలి.

ఆగాను. ఆరింది. తిప్పాను.
నా పాత డీజిల్ ఆస్ట్రా దగ్గింది.
మళ్ళీ దగ్గింది.
వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ,
పచ్చికట్టెలు కుక్కిన పొయ్యిలా.
ఎదురింటి కర్టెన్ కదిలింది.
బండి మాత్రం కదల్లేదు.
ఆ పూట నా ఇళ్ళన్నీ ఒమొలారాకి ఇచ్చారు.

పెట్రోలు బండికి నిప్పురవ్వ ఉంటుందట.
డీజిల్‌కి అదీ లేదు.
గాలిని నొక్కీ నొక్కీ
ఆ ఒత్తిడికే మండాలి.
చలిలో ఇనుము ఆ వేడంతా తాగేస్తుందని
నాలుగు సిలిండర్లకీ నాలుగు కుంపట్లు,
చిటికెన వేలంతేసి. గ్లో ప్లగ్గులు.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడని విని పెరిగాను,
ఇక్కడ ఆ సామెతని తిరగేసి తొడుక్కోవాలి.

"ప్లగ్గు పద్నాలుగు పౌండ్లు," అన్నాడు ఇల్యాస్,
"నాలుక్కి యాభై ఆరు. కూలి తొంభై రెండు."
"విరిగితే?"
"హెడ్ ఊడదీయాలి, లవ్.
అప్పుడిక ప్లగ్గులు కాదు, బండే మార్చుకో."
ఈ ఊళ్ళో మెకానిక్కులు అందర్నీ లవ్ అనే పిలుస్తారు.
బిల్లులో దానికి తగ్గింపు లేదు.

నా లెక్క నాది.
పదిహేను నిమిషాల విజిట్‌కి మూడు పౌండ్ల పది.
ఇంటికీ ఇంటికీ మధ్య రోడ్డుకి సున్నా.
నూట నలభై ఎనిమిదంటే
నలభై ఎనిమిది వీపులు రుద్దాలి,
సబ్బు నురగ చల్లారకముందే.

ప్లగ్గుల మెడల చుట్టూ నూనె పోసి
రెండు రాత్రులు నానబెట్టాడు.
మూడోనాడు ఇంజను వేడెక్కించి
పావు తిప్పు ముందుకి, అర తిప్పు వెనక్కి.
మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది.
మూడోది కాటుకపుల్లలా మసితో వచ్చింది.
నాలుగోది కిర్రుమంది.

ఇల్యాస్ రేడియో ఆపేశాడు.
పానా మీద చెయ్యి, చెవి ఇంజను మీద.
నేను ఊపిరి కూడా ఖర్చుపెట్టలేదు.
"ఇది రానంటోంది," అన్నాడు.
"రానన్నదాన్ని లాగితే విరుగుతుంది.
మూడు చాల్లే, ఈ చలికాలం గడిచిపోతుంది."
పద్నాలుగు పౌండ్లు తీసేశాడు.
కూలి తగ్గించలేదు.
లాగకుండా ఆగడానికే
ఎక్కువ పనితనం కావాలన్నాడు.
నలభై మూడు వీపులు, ఒక మెడ.

"ఎంతయింది?" అడిగింది మిసెస్ హోల్‌రాయిడ్
స్పాంజికి చెయ్యెత్తి ఇస్తూ.
చెప్పాను. ఈల వేసింది. ఎనభై ఎనిమిదేళ్ళు, ఇంకా వేయగలదు.
"అరవై మూడు చలికి మా రెగ్
పెయింటు డబ్బాలో బొగ్గులు రాజేసి
లారీ కడుపు కింద పెట్టేవాడు.
పక్కనే గొంతుక్కూర్చుని దాంతో కబుర్లు.
నాతో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు."
నీళ్ళు చల్లారిపోతున్నాయని గుర్తు చేసింది.
నా పదిహేను నిమిషాల్లో రెండు రెగ్‌వి అయ్యాయి.

మర్నాడు అయిదూ నలభై.
సగం తాళం. నారింజ చుట్ట.
ఈ ఆగడానికి కూడా ఎవరూ జీతం ఇవ్వరు.
తిప్పాను.
మూడు ఒక్కసారే అందుకున్నాయి.
నాలుగోది కాసేపు మొరాయించింది,
స్టీరింగ్ వణికింది, నా మోచేతుల దాకా.
పక్కవాటి వేడి సోకిందేమో,
గొణుక్కుంటూ అదీ కలిసింది.

సిగ్గేసింది గాని, అన్నాను దాంతో:
"పద. ఓక్‌వర్త్ రోడ్డు మీద ఉప్పు చల్లలేదట."