పది కాపీలు

బ్రాడీపేట నాలుగో లైన్లో
నా జిరాక్స్ షాపు షట్టరు సగం లేవకముందే
నాగుల్‌మీరా గారు వచ్చి నిలబడతారు,
చొక్కా జేబులో నాలుగు మడతల పేపరు ముక్కతో.

మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
ముప్ఫై ఏళ్ల ఘాటు ఆ వేళ్ల సందుల్లో.
ఆయనిచ్చిన ముక్క గాజు పలక మీద పరిచి మూత వేస్తే
ముందు నేను తుమ్ముతాను,
తర్వాత మిషను కూడా ఏదో అంటుంది.

"పది కాపీలు అమ్మాయ్."

మొన్న, ఎక్కడో చేపల మ్యూజియంలో
సీసాలో పెట్టిన ఆక్టోపస్
మూత లోపల్నించే తిప్పి బయటికొచ్చిందట.
నిన్న, ఏదో చలిదేశంలో
ఊరి గడియారం ఏడు నిమిషాలు వెనకని తెలిసీ
జనం ఓట్లేసి అలాగే ఉంచుకున్నారట.
ఇవాళ ఒక చిలక,
ఇంట్లో మాట వినే డబ్బాకి ఆర్డరు చెప్పి
రెండు కిలోల ద్రాక్షపళ్లు తెప్పించుకుంది.

"మరి డబ్బులెవరు కట్టారంట?"
టీ కొట్టు కోటిలింగం అడిగాడు.
జవాబు ఉండాల్సిన చోట కత్తెర పడింది.
అక్కడ సగం సిమెంటు బస్తా ప్రకటన.

ఆ పది ఎక్కడెక్కడికి పోతాయో నాకు తెలుసు.
కోటిలింగానికి ఒకటి, గోడకి అన్నం మెతుకులతో.
కండక్టరు ఏసుపాదానికి ఒకటి:
మాచర్ల బస్సులో సత్తెనపల్లి దాటేలోగా ఇరవై చేతులు మారి
పిడుగురాళ్లలో శనగల పొట్లమవుతుంది.
జాకెట్లు కుట్టే రత్నకుమారి
ఆక్టోపస్ వెనకాల ఎవరివో భుజాల కొలతలు రాసుకుంది.
ఒకటి నాకు.
డబ్బులకి బదులు కాదు, డబ్బులతో పాటు.

"ఫోన్లో పెట్టెయ్యొచ్చుగా మీరాగారూ,
ఒక్క నొక్కుకి వందమందికి పోద్ది" అన్నానోసారి.
చిల్లర లెక్కపెట్టడం ఆపి ఆలోచించారు.
"పోద్ది. పోయినాక ఇంక నా దగ్గరికి రాదుగా.
కాయితం ఇస్తే మనిషి ఆగి
ఇదేంటీ అంటాడు."

అయినా ఫోను కొన్నారు.
కొని, అందులో దొరికినదాన్ని
ప్రింటు తియ్యమని నా దగ్గరికే తెచ్చారు.
ఒక ముసలమ్మ, పక్కన వెన్నతో చేసిన ఏనుగు.
పెన్సిలు మొనతో, టిక్కీలు లెక్కపెట్టినట్టే
ఆమె చేతి మీద ఒక్కో వేలూ తాకి చూశారు.
ఆరు.
ఎందుకో తన చెయ్యి కూడా లెక్కపెట్టుకున్నారు.

ఆ రోజు పది కాపీల కిందా
కాటా పుస్తకంలో రాసే గుండ్రటి అక్షరాలతో:
"ఇది తూకానికి నిలవలేదు.
బొమ్మ మాత్రం ముద్దుగా ఉంది."

కోటిలింగం ఒప్పుకోలేదు.
"మా పెదమామకి నిజంగానే ఆరు వేళ్లు.
ఆయన్నీ మిషనే చేసిందంటారా?"
పాలు పొంగి స్టవ్వు ఆరిపోయేదాకా
సాగింది వాదన.
పెదమామ ఫోటో ఇంట్లో లేదు.
ఉన్నా చేతులు కట్టుకునే నిలబడతాడట.

మాఘమాసంలో, యార్డు నిండా సరుకున్న రోజుల్లో,
పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి వచ్చారు.
జిల్లా పేజీలోంచి బొటనవేలంత వార్త.
యార్డులో కాటాలన్నీ ఇక కంప్యూటరుకి కలుపుతారు,
బరువు దానంతటదే రాసుకుంటుంది,
పొరపాట్లుండవు.

"ఒక్కటి చాలు అమ్మాయ్."

మూత వేశాను. తుమ్ము రాలేదు.
ముక్కకి సబ్బు వాసన.
వెలుతురు గీత ఆ చివర్నించి ఈ చివరికి
మెల్లగా పాక్కుంటూ వచ్చింది.
చెప్పకుండా నేను రెండు తీశాను,
ఒకటి నా సొరుగులో, ఆక్టోపస్ కింద.

ఆయన తనది నాలుగు మడతలు పెట్టుకుని,
రెండ్రూపాయల బిళ్ల గాజు మీద పెట్టి,
మెట్టు దిగి, మళ్లీ ఆగారు.
నాకు ఇంకేం అడగాలో తోచక
"ఆ ద్రాక్షపళ్ల డబ్బుల సంగతి తేలిందా?" అన్నాను.

"లేదమ్మాయ్.
అదే వెతుకుతున్నా.
రేపటి పేపరు రానీ."