షువైఖ్‌లో యాభై డబ్బాలు

షువైఖ్‌లో టైర్ల కొట్టు వెనక మా ప్రెస్సు.
ఎండాకాలం ఇంకు ఫ్రేములోనే ఆరిపోతుంది,
స్క్వీజీ లాగే చెయ్యి ఆగకూడదు.
పన్నెండేళ్లుగా లాగుతున్నాను:
బిర్యానీ అట్టపెట్టెలు, డ్రైవింగ్ స్కూలు స్టిక్కర్లు,
ఒకటి కొంటే ఒకటి ఉచితం.

మొన్న ఒకామె వచ్చింది, పేరు దలాల్.
మా ప్రొద్దుటూరులో ఆ మాటకు అర్థం వేరు.
చెప్పలేదు.
లండన్‌లో చదువుకుందట, ఎగ్జిబిషన్ పెడుతోందట.
టమాటా పేస్టు డబ్బా బొమ్మ ఒకటిచ్చి
యాభై సార్లు అచ్చెయ్యమంది.
ఏ కంపెనీదమ్మా, అమ్మేదెక్కడ, అని అడిగాను.
నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుని
సగం హిందీలో, సగం ఫోన్లో బొమ్మలతో చెప్పింది.

యుద్ధం అయిపోయినా లండన్‌లో
చక్కెరకు కార్డు, మాంసానికి కార్డు.
బాంబులు పడ్డ వీధుల్లో ఇంకా గుంతలు.
సముద్రం అవతలి నుంచి అమెరికా పత్రికలొచ్చేవి.
పేజీకో ఫ్రిజ్జు, పడవంత కారు,
గులాబీ రంగు కేకు.
కుర్రాళ్లు కొందరు కత్తెర పట్టుకుని కూర్చున్నారు.
కొనలేనిదాన్ని కోసుకున్నారు,
అట్ట మీద జిగురుతో కాపురం పెట్టారు.
సగం మోజు, సగం వెక్కిరింత.
"పాప్ అంటే జనం," అంది.

నేనేం మాట్లాడలేదు.
నా మంచం పక్క గోడ గుర్తొచ్చింది.
వచ్చిన కొత్తలో, జీతం మూడు నెలలు ఆగినప్పుడు,
మేమే అచ్చేసిన సూపర్‌మార్కెట్ కాగితాల్లోంచి
కోడినీ, మామిడిపండ్లనీ, రెండు తలుపుల ఫ్రిజ్జునీ
బ్లేడుతో కోసి అన్నం మెతుకులతో అంటించాను.
క్యాంపు బాసు గీకించాడు.
మరకలు ఇంకా ఉన్నాయి.
ఆ పనికొక పేరుందని నాకెవరూ చెప్పలేదు.

అమెరికాలో కథ వేరట.
అక్కడ ఫ్రిజ్జు వంటింట్లోనే ఉంది, నిండుగా.
ప్రకటనలకు చెప్పుల బొమ్మలు గీసి బతికినవాడు,
పరంజా ఎక్కి బజారు బోర్డులకు రంగులేసినవాడు
చేతులు కడుక్కోకుండానే గ్యాలరీలో అడుగుపెట్టారు.
సూపు డబ్బా. సూపు డబ్బా. సూపు డబ్బా.
పక్క దుకాణంవాడు అసలు డబ్బాలే పేర్చి
మా దగ్గర చవక అన్నాడట.
నాకు వాడే నచ్చాడు.

ఇంకొకాయన కామిక్కుల్లో చుక్కల్ని పెద్దవి చేశాడు.
దగ్గరగా చూస్తే అంతా చుక్కలే,
నాలుగడుగులు వెనక్కి వేస్తే ఒక ఆడమనిషి ఏడుస్తోంది.
నెట్ సరిగ్గా లేని రాత్రి
నా ఫోన్లో మా చెల్లెలి మొహమూ అంతే.
వెనక్కి అడుగెయ్యడానికి గదిలో చోటుండదు.

"మిషన్‌లా ఉండాలని ఉందన్నాడు, వాళ్లలో ఒకాయన."
"కావాలనేనా?" అన్నాను.
ఆమె ఫోను పక్కన పెట్టి
నా మోచేతి దాకా ఉన్న ఎరుపును చూసింది.

ఆ రాత్రి అచ్చేశాను.
ముప్పై ఒకటి దాకా కవలపిల్లలు.
ముప్పై రెండో డబ్బా దగ్గర ఫ్రేము జరిగింది,
ఎరుపు బొటనవేలంత పక్కకు పోయి
డబ్బా తన తోలులోంచి తానే బయటికొచ్చినట్టుంది.
నలభై ఒకటోది జ్వరం తగిలి లేచినట్టు, వెలవెలా.
మేనేజరు చూస్తే కాగితానికి అర దినారు కోత.
అట్టల కింద దాచి, రెండూ మళ్లీ వేశాను.

పొద్దున ఆమె వచ్చి, లెక్క చూస్తూ చూస్తూ
అట్టల కింద ఉన్నవే లాగింది.
వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.
"ఇవి గోడ మధ్యలో పెడతాను. వీటికి వేరే ఇస్తాను."
ఎందుకని అడగలేదు.
కోత పడ్డప్పుడూ అడగలేదు కదా.

ఒకటి మాత్రం నాకిమ్మన్నాను. జరిగినదే.
శుక్రవారం దాన్ని ఆ పాత మరకల మీద అంటించాను,
ఈసారి మంచి టేపుతో.
పై బంకు నుంచి ఓబులేసు తల వేలాడేసి
కళ్లు చిట్లించి చూసి అడిగాడు:
"యాడిదబ్బీ ఈ ఆఫరు?
ఎప్పటిదాకా ఉండాది?"