ఐదో సంచి

సెప్టెంబరు రెండో శనివారం,
విస్కాన్సిన్‌లో, సరస్సు వైపు కిటికీలున్న ఫైర్ స్టేషన్ హాల్లో
బల్లకి అటు ఇద్దరం, ఇటు ఇద్దరం.
మధ్యలో ఆరు కాగితం సంచులు,
మెడ దగ్గర పురికొసతో బిగించి.
సంచుల్లో సీసాలు. సీసాల్లో మా ఊళ్ల శరత్తు.

అరవై మైళ్ల లోపు బీరు కాచే చోట్లు ఆరు.
ఒక సంచి నాది. ఏదో నాకు తెలీదు.
అంకెలు వేసింది లైబ్రరీ నడిపే మెర్నా,
మందు ముట్టని మనిషి, అందుకే నమ్మాం.

మార్జెన్ అంటే మార్చిది అని.
ఆ నెల్లో కాచి, ఎండాకాలమంతా
మంచుగడ్డలు నింపిన నేలమాళిగలో
పడుకోబెట్టేవాళ్లట బవేరియాలో.
మాకు నేలమాళిగ లేదు. కంప్రెసర్ ఉంది, కరెంటు బిల్లు ఉంది.
అయినా పని అదే. కాచడం ఒక్క రోజు,
మిగతాదంతా ఆగడం.

మొదటిది తోమిన రాగి రంగు.
నురుగు వేలెడు మందం, దిగనని మొండికేసింది.
వాసన అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె పెంకు.
తీపి ఉండిపోయేలా వచ్చి
గుమ్మంలోనే చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.
"బాగుంది" అన్నాడు డెల్మార్.
పశువుల డాక్టరు, తన్నే ఆవుని కూడా బాగుందనే అంటాడు.

రెండోదాంట్లో హాప్స్, పెళ్లిలో అత్తరు చల్లినట్టు చల్లారు.
మూడోది మాడిన పంచదార.
నాలుగోది తాగాక కాసేపు ఎవరం ఏమీ రాయలేదు.

వెర్లిన్ ఎప్పటిలా చివరి కుర్చీలో.
నలభై ఒక్క ఏళ్లు మాల్టు మిల్లులో
తడి బార్లీని చెక్క పారతో తిరగేసినవాడు.
మొలక చాలు, ఇక ఆపండని
చీకట్లో వేళ్లతో తడిమి చెప్పేవాడు.
పోయిన చలికాలం జ్వరం వచ్చి తగ్గింది,
వాసన మాత్రం తిరిగి రాలేదు.
కాఫీ అంటే ఇప్పుడు వేడి. సబ్బు అంటే జారుడు.
చనిపోయిన ఆల్వినా దుప్పటి కూడా ఉత్త గుడ్డే
అన్నాడొకసారి, లెక్క అప్పజెప్పినట్టు.
రుచి చూడ్డానికి ఆయనెందుకని ఎవరూ అనలేదు.
వచ్చాడు. కుర్చీ వేశాం.

ఐదో సంచి.
రంగు సరే. నురుగు సరే.
ముక్కు దగ్గరికి రాగానే వెన్న,
పాప్‌కార్న్ మీద పోసే రకం.
పెన్సిలు నొక్కి మరీ రాశాను:
"ఈస్టు పని ముగించకముందే లాగేశారు.
ఈ కాచినవాడికి కావలసింది ఖాళీ ట్యాంకు, బీరు కాదు."
నలుగురికీ చదివి వినిపించాను కూడా.

వెర్లిన్ వెంటనే మింగలేదు.
నాలుకని అంగిలికి రాసి చూశాడు,
గచ్చు తడిగా ఉందేమో కాలితో చూసినట్టు.
"జారుతోంది" అన్నాడు. "మూడు వారాలు తక్కువ.
ఆగస్టులో ఏమైంది, అర్డిస్?"

నన్నెందుకు అడుగుతున్నాడో అర్థం కాలేదు
మెర్నా సంచి విప్పేదాకా.
నా లేబులు. నేనే గీసిన కొంగ.

ఆగస్టులో గుమ్మడికాయ బీరుకి ఆర్డరు వచ్చింది.
ఉన్నవి మూడు ట్యాంకులు. బ్యాంకు నుంచి రెండు ఫోన్లు.
ఏదీ చెప్పలేదు నేను.
రాసింది కొట్టేద్దామని పెన్సిలు తీసి, మళ్లీ పెట్టేశాను.

"నాదని ఎలా తెలిసింది?"
"నీ బావి నీళ్లు. నాలుక అంచున సుద్ద."
తర్వాత, "పీపాలు ఎన్ని మిగిలాయి?"
"ఇరవై."
"చలి గదిలోంచి తీసి రెండు రోజులు వెచ్చగా ఉంచు.
మళ్లీ పడుకోబెట్టు. అక్టోబరు దాకా ముట్టుకోకు."

ఆరోది ఎలా ఉందో నాకు గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో
మడత పెట్టిన దుప్పటి, "పీపాలకి" అని చీటీ.
కప్పబోయి, ఆగి, ముక్కుకి ఆనించాను.
ఆయనేమీ అడగలేదు.
అయినా ఆ చీటీ వెనకే రాసి పంపాను,
ఐదో సంచికి రాసినంత కచ్చితంగా:
దేవదారు పెట్టె. బట్టల సబ్బు.
మెడ తగిలే అంచు దగ్గర, కొంచెంగా, యాపిల్.