ఎనభై నాలుగు వేల రెప్పపాట్లు

పొడి వంతెన దగ్గర ఆదివారం సంత.
పేరుకే పొడి. తెల్లారుజాము నుంచి త్బిలిసీ అంతా ముసురు.
పాత కారు బానెట్ మీద దుప్పటి, దుప్పటి మీద పాలిథిన్,
దాని మీద ఎవరివో పతకాలు, పన్నెండు ఫోర్కులు, మూతలేని కెటిల్,
ఓ చివర మూడు కెమెరాలు పేర్చుకుని
గొడుగు కింద కూర్చుంది త్సియాలా.

నా జేబులో నూట ఎనభై లరీలు.
తడవకుండా చేత్తో కప్పుకున్నాను.

లిఫ్టులు బాగుచేసేవాణ్ణి నేను.
గ్ల్దానీలో పదహారంతస్తుల మేడలు,
నాణెం మింగితే గాని కదలని పెట్టెలు.
ఇరవై రెండేళ్లుగా వాటి గొంతులో చెయ్యిపెట్టి బతుకుతున్నాను.
ఎండాకాలానికి కొత్తవి దింపుతారట,
తళతళలాడే ఉక్కువి, గోరు కూడా దిగదట.
పాతవాటి చెక్కగోడల మీద మేకుతో చెక్కిన పేర్లున్నాయి,
బూతులున్నాయి, అక్షరదోషాలతో సహా.
తొమ్మిదో బ్లాకులో
ఎవరో పిల్లాడి ఎత్తు ఏటా కొలిచిన గీతలున్నాయి.
ఏడో గీత దగ్గర ఆగాయి.
ఇల్లు మారారో, ఏమో.
వాటిని తీసి పెట్టుకోవాలి. అంతే నా అవసరం.
లోపల వెలుగంటారా,
మసిపట్టిన ఒక్క బల్బు.

మొదటి కెమెరా కొత్త పెళ్లికొడుకులా ఉంది.
"ఇరవై నాలుగు మెగాపిక్సెళ్లు!" అన్నాడు పక్కనున్న కుర్రాడు,
మేనమామ ఆస్తి చదివినట్టు.
దాని లెన్సుకి రేచీకటి. కింద పెట్టేశాను.

రెండోదాని లెన్సు మబ్బుకెత్తి చూశాను.
అంచు నుంచి నడిమికి పాకుతూ బూజు.
"తుడిస్తే పోతుంది" అంది త్సియాలా.
"తుప్పు గురించి మా మేనేజరూ ఇదే అంటాడు."

మూడోదానికి పట్టు దగ్గర రబ్బరు ఊడింది,
బ్యాటరీ తలుపుకి టేపు,
వెనక తెర మీద ఉంగరం గీసిన గీతలు.
లెన్సు మాత్రం చిన్నది, జూమ్ లేనిది.
దగ్గరికి కావాలంటే కాళ్లే నడవాలి.
నోరు పెద్దది, చీకటిని గుక్కలు గుక్కలుగా తాగుతుంది.

"ఎన్నిసార్లు నొక్కారు?"
మనవడు రాసిచ్చిన చీటీ విప్పింది:
ఎనభై నాలుగు వేలు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరుదట.
మా లిఫ్టుకైతే ఒక్క ఏడాది లెక్క.
అయినా నేను అంకెల్ని నమ్మను.
చెవికి ఆనించుకుని నొక్కాను, పదిసార్లు.
తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు.
మధ్యలో గీరుడు లేదు, తటపటాయింపు లేదు.
ఇది ఇంకా మోస్తుంది.

తెల్ల పాలిథిన్‌ని ఫొటో తీసి పెద్దది చేశాను.
ఎడమ పైమూల ఆవగింజంత మచ్చ.
ఊదాను. కదల్లేదు.
"ప్రతి ఫొటోలో ఇది ఉంటుంది."
"రెండొందల నలభై చెప్పేదాన్ని. మచ్చకి నలభై తగ్గించాను."
"అరవై."
"అంత చిన్న మచ్చకా?"
"చిన్నదే. కానీ ఖాళీ చెయ్యదు."
అప్పుడు నవ్వింది, పొద్దుటి నుంచి మొదటిసారనుకుంటా.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని
ఇరవై తెత్రీల నాణెం ఒకటి నా అరచేతిలో పెట్టింది.
"లిఫ్టుకి ఉంచుకో."
నా దగ్గర తాళంచెవి ఉందని చెప్పలేదు.

రాత్రి తొమ్మిదో బ్లాకు.
గోడకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టాను.
నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది.
బంగాళాదుంపల సంచితో గులీకో.
"చెడిపోయిందా, నుగ్జార్?"
"లేదు, బాగానే ఉంది."
"మరి ఫొటో ఎందుకూ?"
చెప్పబోయేలోపే సంచి దించి
తలగుడ్డ సవరించుకుని,
సరిగ్గా గీతలకి అడ్డంగా నిలబడింది,
గడ్డం కాస్త పైకెత్తి.

నొక్కాను.
గీతలు ఒక్కటీ పడలేదు.
సరే, రేపు.