మూడో తాడు

నాటకం సాయంత్రం ఏడుకు.
పొద్దున ఆరుకే పైకెక్కినాను.
ముప్పై రెండు మెట్ల ఇనప నిచ్చెన.
తొమ్మిదో మెట్టు లేదు,
మున్సిపాలిటీకి నాలుగు అర్జీలు పెట్టినాము.
లేదని ఇప్పుడు కాలికే తెలుసు.

పైన చీకట్లో పద్నాలుగు గిలకలు,
గబ్బిలాల కంపు,
వెంటిలేటరు సందులోంచి
పల్పు ఫ్యాక్టరీ తోతాపురి పులుపు.
కింద స్టేజీ అరచెయ్యంత.
దాని మీద ఒక పిల్ల చీపురుతో
నిన్నటి స్వర్గంలో రాలిన తగరం ముక్కలు
ఊడుస్తా ఉంది.

అడవి తెర, రాజవీధి తెర, కోట తెర,
ఆ వెనక మేఘం.
మేఘమంటే ప్లైవుడ్డు పలక, చుట్టూ దూది, నడిమిన స్టూలు.
దాని మీద దిగేది
పోస్టాఫీసు గుమాస్తా నీలకంఠం,
డెబ్బై ఏడు కిలోలు,
కిరీటంతో ఎనభై.

మొదట తెరల తీగలు.
పాత పంచె ముక్క చుట్టి
ఈ కొస నించి ఆ కొసకు మెల్లగా లాగాల.
పోగు తెగి ఉంటే గుడ్డను కరుస్తుంది.
కంటికి చిక్కనిది నూలుకు చిక్కుతుంది.
ఈ పొద్దు రెండు చోట్ల కరిచింది.
సుద్దతో గీత పెట్టినాను,
మధ్యాన్నానికి మార్చాల.

తర్వాత మూటలు.
నీవా ఏటి ఇసుక.
ఏట్లో నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో గాని
ఏరు మాత్రం ఇక్కడ గోనెల్లో వేలాడతా
చక్రవర్తుల కోటల్ని పైకి లాగుతా ఉంది.
ఎలుక కొరికిందంటే
ఎవరికీ చెప్పకుండా సన్నగా కారిపోతుంది.
అందుకే నెలకొకసారి దించి
బెల్లం మండీ కాటా మీద తూస్తాము.
"ఏం ప్పా, ఇసుక రేటెంత ఈ పొద్దు?"
మండీ గుమాస్తా ప్రతిసారీ అదే మాట,
ప్రతిసారీ తనొక్కడే నవ్వుతాడు.

ఆ తర్వాతే తాళ్లు.

తాళ్లను చూడడం చెంగల్రాయప్ప నేర్పినాడు,
చేత్తో కాదు, దవడతో.
బరువేసి బిగించిన తాడును
గడ్డం ఎముకకు ఆనించి గోటితో ఒక్క మీటు.
గట్టి తాడు లోపల్నించి పలుకుతుంది.
పుచ్చిన తాడు
నోట్లో గుడ్డ పెట్టుకొని మాట్లాడినట్టుంటుంది.
నలభై ఏండ్లు విన్నాడాయన.
రిజిస్టరు నిండా ఆయన వంకర రాత,
బాగుంది, బాగుంది, బాగుంది.

కడపటి ఏడు పేజీలో మాత్రం:

"మూడో తాడు. మీటినాను. వినపడలేదు.
మళ్లీ మీటినాను.
తప్పు తాడుదో నా చెవిదో తెలియలేదు.
బాగుందని రాయను.
కొత్తది వేసినాను."

కమిటీ వాళ్లు పాత తాడును ఎండలో పరిచి,
మూర మూరా విప్పి చూసి,
నిక్షేపంగా ఉందని తేల్చి,
ఆయన జీతంలో ఆరువందల నలభై పట్టుకున్నారు.
ఆయన ఏమీ అనలేదంట.
అన్నాడేమో కూడా.
నేను ఆ పొద్దు చెయ్యి విరిగి
పుత్తూరు కట్టుకు పోయింటిని.

ఆ తాడు మా మిద్దె మీద ఉంది.
పదకొండేండ్లుగా మా యమ్మ
తడి దుప్పట్లు ఆరేస్తా ఉంది.
తెగలేదు.

కమిటీ లెక్క సరైందే.
ఆయన రాసిందీ సరైందే.
ఈ రెంటికీ నడుమ గాలిలో కూర్చోని
ఎనభై కిలోల నీలకంఠం
పద్యం ఎత్తుకోవాల.

మూడో తాడు దగ్గరికొచ్చినాను.
దవడ ఆనించి మీటినాను.
అప్పుడే బయట వేలూరు బస్సు హారను.
మళ్లీ మీటినాను.

కింద పిల్ల చీపురు ఆపి తలెత్తింది.
"అన్నా, ఎవురో పిలిచినట్టుండాదే?"
తాడు, అన్నాను.
"ఏమంటా ఉంది?"
ఉండు,
ఇంకోసారి అడుగుతాను.